పిల్లల మార్కులు – ఉపాధ్యాయుని కృషి



పదవ తరగతి ఫలితములు వెలువడినంతనే ఊరూర నొకే చర్చ సాగును. ఏ బడిలో ఎందఱు ఉత్తీర్ణులైరి? ఏ మాస్టరుగారు బాగుగా చెప్పిరి? పిల్లల మార్కులనుబట్టి ఉపాధ్యాయుని ప్రతిభను నిర్ణయించుట న్యాయమేనా యన్నది విచారింపదగిన విషయము.

ఈ ఆలోచన క్రొత్తది కాదు. ఇంగ్లండులో 1862లో రాబర్ట్ లో అను రాజనీతిజ్ఞుడు దీనిని ప్రభుత్వ నియమావళిలో చేర్చెను. ఇన్‌స్పెక్టరు వచ్చి ఒక్కొక్క పిల్లవానిని చదువులో, వ్రాతలో, లెక్కలలో పరీక్షించును. ఉత్తీర్ణులైనవారి సంఖ్యనుబట్టి బడికి గ్రాంటు లభించును. తణుకు తాలూకా నాడు చేరియున్న మద్రాసు రాజధానిలోను ఇట్టి ఫలితముల గ్రాంటు పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున అమలులో నుండెను. దానివలన చదువు యాంత్రికమగుచున్నదని, కవియు బడుల తనిఖీదారుడునైన మాథ్యూ ఆర్నాల్డ్ ఇంగ్లండులో నిరసించెను. పిల్లలు పుస్తకమును వల్లించిరేగాని అర్థము గ్రహింపరైరి.

లోపము కొలుచుటలో లేదు, కొలిచిన తీరులో నున్నది. కాలువ ఎగువన నీరు ముందుగా అందు చేనిని, నీరు చాలని శివారు చేనిని దిగుబడిలో పోల్చి, శివారు రైతు సోమరి యనినచో ఈ ప్రాంతమున ఎవ్వరును ఒప్పుకొనరు. ఇంట పుస్తకములును ట్యూషనును గల తణుకు పట్టణ బాలుడును, కొల్లేటి లంకలో పెద్దలతో చేపల పనికి పోవలసిన బాలుడును ఒకేచోట బయలుదేరినవారు కారు. పట్టణపు మాస్టరు 70 మార్కుల బాలుని 75కు తెచ్చెననుకొందురు. లంక మాస్టరు 10 మార్కుల బాలుని 30కి తెచ్చెననుకొందురు. మార్కులు మొదటివానిని మెచ్చుకొనును. న్యాయము రెండవవానిని మఱవరాదు.

ఈ సూక్ష్మమును గుర్తించిన ప్రయోగము ఉమ్మడి ఆంధ్రప్రదేశములోనే జరిగినది. 2005లో రాష్ట్ర ప్రభుత్వము, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి 300 గ్రామీణ ప్రాథమిక పాఠశాలలను చీట్లు తీసినట్లు విభజించిరి. 200 బడులలో ఉపాధ్యాయులకు బోనసు ప్రకటింపబడెను. 100 బడులు పోలికకు నిలుపబడెను. బోనసు మార్కులకు కాదు, మార్కుల పెరుగుదలకు. బలహీనులను పరీక్షకు రానీయకుండ తప్పించిన లాభము లేకుండ నియమమేర్పరచిరి. రెండేండ్లకు బోనసు బడుల పిల్లలు లెక్కలలోను తెలుగులోను స్పష్టముగా ముందంజ వేసిరి. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఈ ఫలితములను 2011లో ప్రకటించిరి. ఉపాధ్యాయుల హాజరు మాత్రము పెరుగలేదు. బడికి వచ్చిన దినములలో ఇంటిపని, అదనపు తరగతులు, అభ్యాస పరీక్షలు అధికముగా నిచ్చితిమని వారు చెప్పిరి.

కావున మార్కులు పనికిరావనుట తగదు. అవియే తీర్పనుటయు తగదు. పెరుగుదలను చూడవలెను. ఒక్క యేటి ఫలితముతో తొందరపడరాదు. తరగతిగదిలో కూర్చుండి పాఠము వినవలెను. పిల్లవానికి పుట్టిన పఠనాసక్తి ఏ ప్రశ్నాపత్రమునకును చిక్కదు. ఇంట పుస్తకము లేని బాలునకు దాని నందించుట గ్రంథాలయము పని. ఆ బాలుని ఇచటికి పంపుట తలిదండ్రుల పని. ఈ రెండును జరుగని ఊరు మాస్టరుగారినొక్కనినే నిలదీయుట ధర్మము కాదు.