టైమింగ్ బెల్టు మార్చిన పిమ్మట రెండు చుట్లు



సోలాపురం తూర్పు భాగంలోని పద్మశాలీల వాడలలో టవల్, చద్దరు బేళ్లను కార్ఖానాల నుండి మోసుకుపోయేవి చిన్న డీజిల్ బండ్లు. బండి ఆగిన దినమున నష్టం దాని యజమానితోనే ఆగదు. సరుకు కదలక నేసినవాని కూలీ నిలుస్తుంది. ఈ బండ్లలో కొన్నింటి ఇంజన్లకు గొలుసు, గేర్లకు బదులు పళ్ల రబ్బరు బెల్టు ఉంటుంది. ఈ ప్రసంగం అట్టి ఇంజన్లను గూర్చినది.

ఆ బెల్టు చేసే పని మగ్గాల జాబరుకు కొత్త కాదు. సాధారణ మరమగ్గంలో క్రాంకు షాఫ్టు రెండు చుట్లు తిరిగితే కింది షాఫ్టు ఒక్క చుట్టు తిరుగుతుంది. వాటి పళ్ల పొంతన తప్పితే నాడె వేళకు దాటదు; మూసుకొనే పడుగు నడుమ చిక్కి పోగులను తెంపుతుంది. నాలుగు స్ట్రోకుల డీజిల్ ఇంజన్‌లోనూ లెక్క అదే: క్రాంకుకు రెండు చుట్లు, క్యామ్ షాఫ్టుకు ఒకటి. అయితే ఇక్కడ పోయేవి పోగులు కావు. గాలిని మిక్కిలి అదిమి, ఆ వేడితోనే నూనెను మండించాలి గనుక, పైకి వచ్చిన పిస్టనుకూ వాల్వుకూ నడుమ ఎడం అత్యల్పం. బెల్టు తెగినా, పళ్లు జారినా, అనేక ఇంజన్లలో పిస్టను వాల్వులను కొట్టి వంచివేస్తుంది.

పైకి నిగనిగలాడే బెల్టును నమ్మరాదు. లోపలి గాజు నూలు అలసిపోవుట కంటికి కానరాదు. కంపెనీ పుస్తకంలోని కిలోమీటర్లు, సంవత్సరాలలో ఏది ముందు నిండితే అప్పుడే మార్చాలి. ఆయిలు తగిలితే గడువు కొరకు ఆగరాదు. ముందు ఆ కారుటను ఆపాలి. టెన్షనరు, ఐడ్లరులను సైతం అప్పుడే మార్చుట మేలు. వాటి బేరింగు పట్టివేస్తే కొత్త బెల్టూ మిగలదు.

చల్లారిన ఇంజన్‌కు బ్యాటరీ తీగ తీసి, మొదటి పిస్టనును ఎగువ కొసకు తెచ్చి, పుల్లీల గుర్తులు కలిపి, పిన్నులతో నిలిపిన తరువాతనే పాత బెల్టును తీయాలి. ఆపై ఏ షాఫ్టునూ విడిగా తిప్పరాదు. ఇంధన పంపును ఇదే బెల్టు తిప్పేటట్లయితే దాని గుర్తునూ కలపాలి. కొత్త బెల్టును మడవరాదు, స్క్రూడ్రైవరుతో నెట్టి ఎక్కించరాదు. టెన్షనరు లేని పక్క వదులు లేకుండ వేసి, పిమ్మట టెన్షనరును బిగించాలి.

తరువాత పిన్నులు తీసి, ఇంజన్ తిరిగే దిశలోనే క్రాంకును పానాతో చేతిమీద రెండు పూర్తి చుట్లు తిప్పి, గుర్తులను మరల చూడాలి. ఒక్క పన్ను తేడా ఉన్నా బెల్టును విప్పి తిరిగి వేయాలి. చేతికి గట్టిగా అడ్డు తగిలితే బలం చూపరాదు. బెల్టు పుల్లీ అంచుకు జరుగుతున్నదేమో కూడ ఈ చుట్లలోనే తెలుస్తుంది.

సాయంకాలం బేళ్లు సిద్ధమై, యజమాని గుమ్మంలో తొందరపెడుతుంటే మొదట వదిలివేయబడేది ఈ రెండు చుట్లే. చేయించుకొనేవారు దగ్గర నిలిచి, ఆ గుర్తులను తమ కళ్లతో చూచి, మార్చిన తేదీని, మీటరు అంకెను బెల్టు మూతపై వ్రాయించుకోవాలి.