ముప్పై రూపాయల మాస్టారు

ఎండెక్కకముందే ముగించమని వెనక వరసలోంచి ఎవరో చీటీ పంపారు. ప్రయత్నిస్తాను.

ఇలాంటి పట్టాలిచ్చే సభల్లో పెద్ద పెద్ద కంపెనీలు పెట్టినవాళ్ల గురించి చెప్పడం ఆనవాయితీ. నేను ఒక బడిపంతులు గురించి చెబుతాను. గిడుగు రామమూర్తి పంతులు గారు. ఆగస్టు 29 వచ్చిందంటే ఆయన ఫొటోకి దండ వేసి, వాడుక భాష కోసం పోరాడారని నాలుగు ముక్కలు చెప్పి, చాక్లెట్లు పంచి సరిపెడతాం. ఆ పోరాటం గొప్పదే, కాదనను. ఇవాళ మీరు పేపరు చదివి అర్థం చేసుకుంటున్నారంటే అందులో ఆయన వాటా ఉంది. కానీ అది ఆయన జీవితంలో సగమే. రెండో సగాన్ని దండలు వేసేవాళ్లు పెద్దగా తలచుకోరు. నర్సీపట్నంలో చదువుకున్నవాళ్లకు ఆ సగమే ఎక్కువ అక్కరకొస్తుందని నా నమ్మకం.

ఆయన 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజు గారు రెవెన్యూ ఉద్యోగి. మన పక్కనున్న ఈ చోడవరానికే బదిలీ మీద వచ్చి, 1875లో విషజ్వరంతో అక్కడే పోయారు. కొడుక్కి అప్పటికి పన్నెండేళ్లు. విజయనగరంలో మహారాజా వారి బడిలో చదువుకున్నాడు. గురజాడ అప్పారావు గారు అక్కడ సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ గట్టెక్కగానే, మరుసటి ఏడు పర్లాకిమిడి రాజా వారి బడిలో మేష్టరీ దొరికింది. జీతం ముప్పై రూపాయలు. మీకు పట్టా ముందొచ్చింది, ఉద్యోగం రావాలి. ఆయనది తలకిందుల లెక్క. పగలు పిల్లలకు చెబుతూ ప్రైవేటుగా చదువుకుని, ఉద్యోగంలో చేరిన పదహారేళ్లకు, 1896లో బి.ఏ. అయ్యారు.

పర్లాకిమిడి చుట్టూ కొండలు. ఆ కొండల్లో సవరలు. సంతలకు దిగి వస్తారు, సరుకు ఇచ్చి ఉప్పో బట్టో పట్టుకుపోతారు. వాళ్ల మాట ఊళ్లో వ్యాపారికి కాస్త తెలుసు, లాభం మేరకు. బడిలో, కచేరీలో కూర్చున్నవాళ్లకు అక్కర్లేదు. రామమూర్తి గారికి మాత్రం ఆ మాట నేర్చుకోవాలనిపించింది. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని తెచ్చి ఇంట్లోనే పెట్టుకున్నారు. ఊళ్లో అందరూ పంతులు గారూ అని దండం పెట్టే మనిషి, లోకం చదువురానివాడని తోసేసిన మనిషి ముందు శిష్యుడిగా కూర్చున్నాడు.

అదేమంత తేలిక కాదు. సవర తెలుగుకి చుట్టం కాదు. సంతాలీ, ముండారీల తోడబుట్టువు, ముండా కుటుంబం. మన భాష ఎంత వచ్చినా అక్కడ అడుగు ముందుకు పడదు. గొంతులో ఊపిరిని ఒక్క క్షణం బిగబట్టి వదిలే ధ్వని ఒకటుంది, మన అక్షరమాలలో దానికి చోటే లేదు. అలాంటిది పుస్తకం చూసి రాదు. ఎదుటివాడి నోటికేసి చూడాలి, మళ్లీ అనమని బతిమాలాలి, తాను తప్పుగా పలికి నవ్వులపాలు కావాలి. దానికి ఏళ్లు పట్టింది. ఈలోగా భాషాశాస్త్రంలో కొత్తగా వస్తున్న పుస్తకాలు సొంత డబ్బుతో కొని చదివారు. సవర పిల్లలకు వాళ్ల మాటలోనే వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, మేష్టర్లకు జీతాలిచ్చారు.

ఆ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. అప్పట్లో మందంటే క్వినైన్. అది మింగి మింగి చెవులు పోయాయి. వినడమే పనిగా పెట్టుకున్నవాడికి చెవుడు! అయినా పని ఆపలేదు. సవర వ్యాకరణం 1931లో, సవర - ఇంగ్లీషు నిఘంటువు 1938లో మద్రాసు ప్రభుత్వం అచ్చు వేయించింది. ఆ పనిలో కొడుకు సీతాపతి గారు చేదోడు.

ఒక విషయంలో నాకు ఆయనతో పేచీ ఉంది. 1936 ఏప్రిల్ 1న పర్లాకిమిడిని ఒడిశాలో కలిపితే, తెలుగువాడిగా అది భరించలేక ఆ రోజే ఊరొదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. డెబ్బై రెండేళ్ల వయసు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ సవరలకు కొండ ఏ రాష్ట్రంలో ఉన్నా ఒకటే కదా! విచిత్రం చూడండి, ఆ సంవత్సరమే మంగై గొమాంగో అనే సవర ఆయన తమ భాషకు సొంత లిపిని తయారుచేశారు. పంతులు గారు వెళ్లిపోయినా వాళ్ల పని వాళ్లు చేసుకున్నారు.

ఇక మన ఊరి సంగతి. ఇక్కణ్నుంచి లంబసింగి రోడ్డెక్కితే మన్యం. వందేళ్ల కిందట ఆ దారి వేయించిన గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ పేరు మీరు అల్లూరి చరిత్రలో విని ఉంటారు. కొండవాళ్ల చేత రాళ్లు కొట్టించి, రావలసిన కూలి చేతిలో పెట్టలేదు. 1922 ఆగస్టులో చింతపల్లి స్టేషను మీద దాడికి దారితీసిన కోపంలో ఆ కూలి డబ్బులూ ఉన్నాయి. ఆయనా చదువుకున్న ఉద్యోగే. పంతులు గారూ చదువుకున్న ఉద్యోగే. ఇద్దరిదీ ఒకే కాలం, ఒకే తూర్పు కనుమలు.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టారు. మనం అనకాపల్లి జిల్లా, పైనున్నవాళ్లు అల్లూరి జిల్లా. గీత పడింది గానీ బస్సులు ఆగలేదు. కాఫీ, మిరియాలు, పసుపు దిగుతూనే ఉన్నాయి, రోగులూ దిగుతూనే ఉన్నారు. ఆ మధ్య ఒక ఆసుపత్రిలో ఓపీ దగ్గర కూర్చున్నాను. కొండ మీంచి వచ్చిన ముసలమ్మ కడుపు పట్టుకుని నిలబడింది. ఎన్నాళ్లయిందని డాక్టరమ్మ అడిగింది. ఆమె పక్కనున్న మనవడికేసి చూసింది. వాడికి పదేళ్లుంటాయి, ఆశ్రమ పాఠశాల యూనిఫాంలోనే ఉన్నాడు. ముసలమ్మ గుక్క తిప్పుకోకుండా ఏదో చాలాసేపు చెప్పింది, చెయ్యి వీపు దాకా తిప్పి చూపించింది. వాడు మావైపు తిరిగి, రెండ్రోజులండి అన్నాడు. అంతే. డాక్టరమ్మ అదే రాసుకుంది. ఆవిడ తప్పు ఏముంది, వెనకాల యాభై మంది ఉన్నారు. కానీ ఆ ముసలమ్మ చెప్పిన మిగతాదంతా ఎటు పోయింది?

మన్యంలో చాలామందికి తెలుగొచ్చు. బేరానికి, బస్సు టికెట్టుకి సరిపోతుంది. నొప్పి, భయం చెప్పుకోవాలంటే ఇంటి మాటే కావాలి. ఇది ప్రభుత్వానికి తెలియనిదేం కాదు. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో సవర, కువి, కోయ, ఆదివాసీ ఒడియా లాంటి ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతులకు పుస్తకాలు తయారుచేసి, తెలుగు లిపిలో అచ్చు వేశారు. గిడుగు వారు సొంత డబ్బుతో మొదలుపెట్టినది ప్రభుత్వ పథకం కావడానికి తొంభై ఏళ్లు పైనే పట్టింది.

మీలో కొందరు సచివాలయాల్లో, కొందరు బ్యాంకుల్లో, బడుల్లో కూర్చుంటారు. కిటికీకి అవతల నిలబడేది ఎవరో మీకు తెలుసు. అందరూ నిఘంటువులు రాయనక్కర్లేదు. ఎక్కడ నొప్పి, ఎవరు పంపారు, డబ్బు మొత్తం ముట్టిందా అని అడగడానికి, వచ్చిన జవాబు పట్టుకోవడానికి కావలసినంత నేర్చుకుంటే చాలు. నేర్పేవాళ్ల కోసం వెతకక్కర్లేదు. ఇదే హాల్లో, మీ పక్క కుర్చీలోనే ఉన్నారు. మూడేళ్లు మీ నోట్సులు కాపీ చేసుకున్నారు, మీకు నోట్సులు ఇచ్చారు. ఇంట్లో ఏం మాట్లాడతావని మీలో ఎంతమంది అడిగారు?

సరే, పేర్లు పిలిచే మేష్టారు మైకు దగ్గరికొచ్చేశారు. మేష్టారూ, జాబితాలో పాంగి, వంతల, కొర్రా, గెమ్మెలి, కిల్లో ఇంటిపేర్లు చాలానే ఉన్నాయి. తడబడేటట్టుంటే ముందే వాళ్లనడిగి రాసుకోండి. మొదలుపెట్టండి.