ఊరి కావలి, ఇంటి కావలి

(తిరుచ్చులిలో జరిగిన మన సంఘ కుటుంబ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మేము వర్తకులము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి పప్పులు, మిరపకాయల కొట్టున కూర్చుండినవారము. పండితులవలె ఉపన్యసించుట మాకు చేతగాదు. మా కొట్టున జరిగిన యొక సంగతిని, దానివలన మేము నేర్చిన పాఠమును మీకు విన్నవించుటకే యిచట నిలిచితిమి.

మన యిండ్ల బిడ్డలు కొందరు ఊర్కావల్ పడైలో, అనగా హోంగార్డు దళములో, చేరియున్నారు. మరికొందరు చేరగోరుచున్నారు. "ఇది పూర్తి ఉద్యోగము కాదు, నెల జీతము లేదు, భార్యాబిడ్డలు గలవానికి తగునా?" యని తల్లిదండ్రులు మమ్ము అడుగుచున్నారు. ఆ ప్రశ్నకు మాకు తోచిన సమాధానమిది.

కావలి పని మనకు క్రొత్త కాదు. మధుర నాయకుల కాలమున ఏర్పడిన పాళెములలో అనేకము తెలుగు నాయకులవే. స్థలకావలి, దేశకావలి యని నాడు రెండు విధముల కావళ్లుండెడివి. గ్రామమున దొంగతనము జరిగి సొత్తు దొరకనిచో కావలివారే నష్టము చెల్లించుకొనవలెననుట నాటి కట్టుబాటు. ఆ కావలికి ప్రతిఫలముగా పంటలో భాగమో, మాన్యమో లభించెడిది. పగలు సేద్యము, రాత్రి కావలి. 1799లో కట్టబొమ్మను ఉరితీయబడిన పిమ్మట, 1801తో పాళెగాండ్ర యుద్ధములు ముగిసి, ఆ కావలి హక్కులును కంపెనీవారి వశమయ్యెను. 1859లో చెన్నపురి రాజధానికి ప్రత్యేక పోలీసు చట్టము వచ్చెను. అంతట కావలి యనునది జీతగాండ్ర పూర్తి ఉద్యోగమయ్యెను.

తిరిగి గృహస్థుడు కావలికి వచ్చుట హోంగార్డు దళముతోనే. కల్లోలముల నణచుటలో పోలీసులకు తోడ్పడుటకై 1946 డిసెంబరులో బొంబాయియందు ఈ దళము మొదట ఏర్పడెను. 1962లో చైనా దండయాత్ర జరిగిన తరువాత దేశమంతట దీనిని ఒకే తీరున దిద్దిరి. మన రాష్ట్రమున 1963లో చట్టము చేసిరి. వర్తకుడు, ఉపాధ్యాయుడు, కూలివాడు, వకీలు, ఎవరైనను తమ తీరిక వేళను దేశమున కర్పించుట దీని మూలసూత్రము. ఉడుపు ఉచితము, పిలిచిన దినములకు భత్యము. పిలుపు వచ్చినపుడు వారికి పోలీసు అధికారమే యుండును.

ఇచట ఒక హెచ్చరిక. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న బంధువుల మాటలు విని మనవారు లెక్కలు వేయరాదు. ఆంధ్రప్రదేశమున 2019లో దినభత్యము 710 రూపాయలైనది. తెలంగాణమున 2025 జనవరి నుండి 1000 రూపాయలైనది. అచట హోంగార్డులు దాదాపు ప్రతిదినము పనిచేయుదురు; అదే వారి జీవనాధారము. హోంగార్డులను ఖాయము చేయ నాజ్ఞాపించుట కుదరదనియు, నెల మొత్తము పని చేసిన యెడల పోలీసు కనీస వేతనమునకు తగ్గని భత్య మీయవలెననియు 2015లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ పిదప మన రాష్ట్రమున దినభత్యమును 560 రూపాయలకు పెంచిరి కాని పనిదినములను తగ్గించిరి. కనుక ఇచట ఈ భత్యమును నమ్మి సంసారము నడుపరాదు. వేరొక వృత్తి యుండి తీరవలెను. వృత్తి యున్నచో యజమాని యుండును. మా కథ అచటనే ఆరంభము.

మా కొట్టున పద్దులు వ్రాయు యువకుడొకడు ఈ దళములో చేరెను. నెమ్మదిగలవాడు, ఇరువురు బిడ్డల తండ్రి. ఒక యేడు ఆడిపూరమునకు శ్రీవిల్లిపుత్తూరు ఆండాళ్ తేరు బందోబస్తునకు అతనిని పిలిచిరి. "వెళ్లిరమ్ము" అంటిమి. ఆ రెండు దినముల కూలిని మాత్రము చిట్టాలో కొట్టివేసితిమి. రాని దినమునకు కూలి లేదనుట అంగడి ధర్మమని మా తలంపు.

అదే సాయంకాలము అతని భార్య చిన్నబిడ్డ నెత్తుకొని మా కొట్టునకు వచ్చెను. బిడ్డకు జ్వరము తీవ్రముగా నుండెను. ఆసుపత్రికి పోవుటకు కొంత బయానా అడిగెను. మేము చిట్టా తెరచి, ఈ వారము కూలి తక్కువ పడినదని చెప్పబోయితిమి. ఆమె నిలుచున్న చోటనే యిట్లనెను: "అయ్యా, ఆయన ఆడ తేరు దగ్గర ఊరి బిడ్డల్ని కాస్తా ఉండారు. మా బిడ్డను ఎవురు కాస్తారు?"

ఆ తేరు చూచుటకు మా యింటివారును వెళ్లియుండిరి. మా మనుమలును ఆ గుంపులోనే యుండిరి. మాకు నోట మాట రాలేదు. చిట్టా మూసి, బండి పిలిపించి, తల్లిని బిడ్డను అరుప్పుక్కోట్టకు తీసికొని పోతిమి. దైవానుగ్రహమున బిడ్డ కోలుకొనెను. మరుదినము తండ్రి వచ్చి మాకు చేతులు జోడించినపుడు మేము తలయెత్తలేకపోతిమి.

సోదరులారా, ఇందు పోలీసు పని మాత్రమే కొద్ది దినములది. అతడు లేని రాత్రి ఇల్లు చూచుట, బిడ్డలను బడికి పంపుట, ముసలివారికి మందు లిచ్చుట, ఇవన్నియు ఒక్క స్త్రీపై పడుచున్నవి. కావలికి పోవువాడొకడు, ఆ బరువును మోయునది మరియొకరు. ఈ బరువును మనమందరము పంచుకొన్ననే ఈ పని గృహస్థునకు తగును. లేనిచో తగదు. ఇదియే మా సమాధానము.

వర్తక సోదరులకు మా మనవి: బందోబస్తు దినమున కూలి కోయవలదు. మన యంగళ్లు నిర్భయముగా తెరచియుండుట ఆ కావలి వలననే కదా.

చేరగోరు యువకులకు: ముందు భార్యతో ఆలోచింపుడు. ఆడి, దీపావళి, పంగుని ఉత్సవములు పంచాంగమున ముందే తెలియును. ఎన్నికల వేళలు తప్ప తక్కినవానికి ఏర్పాటు ముందుగనే చేసికొనవచ్చును. రాత్రి కావలి ముగించి వచ్చినవాడు నిద్రపోవలసినదే. లేచిన పిమ్మట నీళ్లు తోడుటయో, బిడ్డకు పాఠము చెప్పుటయో అతని పని. అధికారమును ఉడుపుతో కూడ వాకిటనే విడువవలెను. ఆలిని, అన్నదమ్ములను ఆజ్ఞాపించుటకు గాని, వీధి తగవులకు గాని ఆ ఉడుపు ఈయబడలేదు.

అత్తమామలకు: కోడండ్రును ఈ దళమున చేరుచున్నారు. కొడుకు వెళ్లినపుడు గర్వించి, కోడలు వెళ్లినపుడు పొయ్యి వెలిగించువారు లేరని సణుగుట న్యాయము కాదు. ఆ దినమున కొడుకే పొయ్యి వెలిగించవచ్చును.

మన సంఘమునకు: ఇటువంటి యిండ్ల పట్టిక యొకటి వ్రాసికొని, బందోబస్తు రాత్రులలో దగ్గరి యింటి పెద్ద యొకరు పోయి "అమ్మా, అంతయు క్షేమమేనా?" యని అడుగు నేర్పాటు చేయవలెను. దీనికి ధనము అక్కరలేదు.

ఆ యువకుడు నేటికిని మా కొట్టుననే యున్నాడు. నేటికిని బందోబస్తునకు పోవుచున్నాడు. ఆ దినములలో అతని పద్దులు మేము వ్రాయుచున్నాము. మా దస్తూరి బాగుండదని అతడు నవ్వుచుండును. ఈ సభలోని వర్తకులలో మరి కొందరైనను ఈ పద్ధతి నవలంబించినచో మా మాటలు వ్యర్థము కాలేదని తలంతుము.

సెలవు.