ఏకచక్రపురమున అడిగిన తల్లి

(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



వార్షికోత్సవమున మాట్లాడువారు సాధారణముగా పిల్లలకు హితము చెప్పుదురు. పిల్లలు సంవత్సరము పొడవునను హితము వినుచునే యున్నారు. కావున నేడు నేను వారిని విడిచి, పెద్దలతో మాట్లాడదలచితిని. నేను చెప్పబోవునది ఒక పెండ్లికథ. పగబట్టిన రెండు రాజ్యములు, ఆకాశమునుండి వినవచ్చిన భవిష్యవాణి, పెద్దలు కుదుర్చుకొనిన సంబంధము, ఈ మూడును ఇందు కలవు. ఈ కథను పాండవులు వినిన చోటు ఏకచక్రపురము. ఆ ఏకచక్రపురమే మన కైవారమని మన తాతముత్తాతల నమ్మకము.

ఏకచక్రపురము మాదేయని చెప్పుకొను ఊళ్ళు దేశమున మరికొన్ని కూడ కలవు. వారితో వాదము మనకు వలదు. భీమలింగేశ్వరుని ఆలయము మన కన్నులయెదుట నున్నది. ఊరిమీది కొండను చూపి, భీముడు బకాసురుని చంపిన కథను మన యిండ్లలో అవ్వలు ఈనాటికిని చెప్పుచున్నారు. అయితే అవ్వల కథ బకుని చావుతో ముగియును. భారతము అచ్చట ముగియదు. బకుడు చచ్చిన కొన్నాళ్ళకు, పాండవులు తల దాచుకొనిన ఆ బ్రాహ్మణ గృహమునకు ఒక బాటసారి అతిథిగా వచ్చెను. అతడు పాంచాల దేశపు సంగతులు చెప్పెను. మన కథ అతని నోటినుండి మొదలగుచున్నది.

ద్రుపదుడు, ద్రోణుడు చిన్ననాడు భరద్వాజుని ఆశ్రమమున కలిసి ఆడుకొనిరి, కలిసి చదువుకొనిరి. పెద్దవాడై ద్రుపదుడు రాజయ్యెను. ద్రోణుడు బీదవాడుగనే యుండెను. చిన్ననాటి చెలిమిని నమ్ముకొని ద్రోణుడు పోగా, రాజునకు బీదవానితో స్నేహమేమని ద్రుపదుడు నిండుసభలో అవమానించెను. ద్రోణుడు హస్తినాపురము చేరి కురుకుమారులకు విలువిద్య నేర్పెను. చదువు ముగిసిననాడు గురుదక్షిణగా ద్రుపదుని పట్టి తెమ్మనెను. అర్జునుడు పట్టి తెచ్చెను. ద్రోణుడు గంగకు ఉత్తరముననున్న పాంచాలమును తాను తీసికొని, దక్షిణపు సగమును ద్రుపదునకు విడిచెను. ఇద్దరు బాల్యమిత్రుల మాటపట్టింపు రెండు రాజ్యముల పగగా పెరిగిన తీరు ఇది.

ద్రుపదునకు ఆనాటినుండి నిద్ర లేదు. ద్రోణుని చంపగల కొడుకు కావలెనని యజ్ఞము చేయించెను. అగ్నినుండి ధృష్టద్యుమ్నుడు పుట్టెను. ఇతడు ద్రోణుని చంపుటకై పుట్టినవాడని ఆకాశవాణి పలికెను. వేదినుండి ద్రౌపది పుట్టెను. ఈమె మూలమున క్షత్రియులకు నాశము, కౌరవులకు భయము కలుగునని ఆకాశవాణి మరల పలికెను. తల్లిదండ్రులారా, ఒక్క క్షణము ఆలోచింపుడు. ఆ పిల్లలింకను ఈ లోకమున ఒక దినమైనను గడపలేదు. ఎవరిని చంపవలెనో, ఎవరికి చేటు తేవలెనో వారికి అప్పుడే నిర్ణయమైపోయినది. తండ్రి ఆ మాటకు సంతోషించెను.

ఇచ్చట వ్యాసభారతమున ఒక విచిత్రమైన సంగతి కలదు. తన్ను చంపబోవువాడని తెలిసియు ద్రోణుడు ధృష్టద్యుమ్నుని తన యింటికి పిలిపించి విలువిద్య నేర్పెను. కాగలది తప్పదని అతడు తలచెను. ఐనను ఆ పిల్లవానికి విద్య నిరాకరింపలేదు. సొంత తండ్రి కొడుకులో ఆయుధమును చూచెను. శత్రువైనవాడు అతనిలో శిష్యుని చూచెను. ఈ భేదమును మీరు మనసున నుంచుకొనవలెనని నా మనవి.

భవిష్యవాణియనగా మన ఊరివారికి కొత్త కాదు. మన కైవారము తాతయ్య, నారాయణ యతీంద్రులు, గాజులమ్మిన చేతులతో కీర్తనలు వ్రాసి, తెలుగున కన్నడమున పాడి, కాలజ్ఞానమును కూడ చెప్పిన మహనీయులు. కాలజ్ఞానమును మన పెద్దలు ఎట్లు వినిరి? రాబోవు చెడును చెప్పి నడవడిని దిద్దుకొమ్మను హెచ్చరికగా వినిరి. హెచ్చరికను తీర్పుగా మార్చుకొనినచో మనుష్యుని ప్రయత్నమునకు తావే లేదు. ద్రుపదుడు చేసిన తప్పు అదియే. మాట ఆకాశముననుండి వచ్చియుండవచ్చును. కాని దానిని పిల్లల నెత్తిన పెట్టి పెంచినది తండ్రి.

ఇక పెండ్లి సంగతి. ద్రౌపదిని అర్జునున కీయవలెనని ద్రుపదుని కోరిక. తన్ను కట్టి తెచ్చిన ఆ వీరుడే అల్లుడైనచో ఇక ఎదురేమి? సులభముగా వంగని విల్లొకటి చేయించి, పైన తిరుగు యంత్రమునకు మత్స్యమును కట్టించి స్వయంవరము చాటించెను. స్వయంవరమనగా కన్య తానే వరుని కోరుకొనుట. ఇచ్చటనో వరుని ఎన్నుకొనినది విల్లు. ఆ విల్లు చేయించినది తండ్రి. పేరు మాత్రము ఆ పిల్లది.

అర్జునుడు బ్రాహ్మణ వేషమున వచ్చి గురి కొట్టెను. అన్నదమ్ములు ఆమెను తాము బస చేసిన కుమ్మరివాని యింటికి తీసికొనిపోయిరి. లోపలనున్న కుంతి చూడకయే, తెచ్చినది అందరును పంచుకొనుడనెను. ఆ మాట నిలుపుకొనుటకై పెండ్లి ఐదుగురితో జరుగవలసి వచ్చెను. ద్రుపదుని సభలో పెద్ద చర్చ సాగెను. ద్రుపదుడు ఆక్షేపించెను, ధృష్టద్యుమ్నుడు సందేహించెను, ధర్మరాజు సమర్థించెను, కుంతి తన మాట బొంకగునేమోయని భయపడెను, వ్యాసులవారు పూర్వజన్మ కథ చెప్పి ఒప్పించిరి. అందరును మాట్లాడిరి. పెండ్లికూతురు మాట్లాడినట్లు ఆ సభలో లేదు. ఆమెను ఎవరును అడిగినట్లును లేదు.

మన పిల్లలు ఈ పాఠశాలలో తెలుగును కన్నడమును రెండును చదువుచున్నారు గనుక వారికొక లాభము కలదు. కన్నడమున ఆదికవి పంపడు 941లో ముగించిన విక్రమార్జున విజయమున ద్రౌపదిని అర్జునునికి మాత్రమే ఇచ్చి పెండ్లి చేసెను. ఆయన ప్రభువు అరికేసరి ఏలినది తెలుగునేలయందలి వేములవాడ. ఆ ప్రభువును అర్జునునితో పోల్చి చెప్పుటకై కవి ఆ మార్పు చేసెనందురు. కారణమేదైనను, మార్పు చేయ సాహసించెను. తరువాత నూరేండ్లకు నన్నయభట్టారకుడు వ్యాసుని త్రోవనే నడిచి ఐదుగురికి ఇచ్చెను. రెండు భాషలు తెలిసిన బిడ్డకు, వ్రాతయనునది మార్చరానిదేమీ కాదని వేరుగా చెప్పనక్కరలేదు. రెండు పుస్తకములు ప్రక్కప్రక్కన పెట్టి తానే చూచుకొనును.

ఆ పెండ్లివలన పొత్తు కుదిరెను. పాంచాలుడు తోడైనాడని తెలిసి హస్తినాపురము వెనుకకు తగ్గెను. భీష్మద్రోణవిదురులు నచ్చజెప్పగా ధృతరాష్ట్రుడు పాండవులకు అర్ధరాజ్యమిచ్చెను. ఇంద్రప్రస్థము వెలసెను. ఇంతవరకు చూచినచో ద్రుపదుని లెక్క సరిపోయినట్లే. కాని కడపటి లెక్క వినుడు. కురుక్షేత్రమున పదునైదవనాడు ద్రోణుడు ద్రుపదుని మనుమలను మువ్వురను చంపి, పిదప ద్రుపదునే చంపెను. ద్రోణుడు పడినది ఆ తరువాత. ఏ దృశ్యమును చూచుటకై ఆ రాజు యజ్ఞము చేసి బిడ్డలను కనెనో, ఆ దృశ్యమును అతడు చూడనే లేదు. యుద్ధము ముగిసిన రాత్రి అశ్వత్థామ నిదురలోనున్న ధృష్టద్యుమ్నుని, ద్రౌపది కొడుకులు ఐదుగురను చంపెను. భవిష్యవాణి అక్షరాల నిజమయ్యెను. తెల్లవారినప్పుడు ఏడ్చుటకు మిగిలినది ఆ వేదిపై పుట్టిన ఆడపిల్ల.

ఇది పురాణము గదా అనవచ్చును. నన్నయ ఏ కొలువులో కూర్చుండి ఈ కథను తెలుగు చేసెనో ఆ కొలువు సంగతి చరిత్రయే. రాజరాజనరేంద్రుడు 1022లో పట్టము కట్టుకొనెను. అతని తల్లి కుందవ్వ తంజావూరి రాజరాజచోళుని కూతురు. అతని భార్య అమ్మంగదేవి రాజేంద్రచోళుని కూతురు, అనగా సొంత మేనమామ కూతురు. వారి కుమారుడు కూడ మేనమామ కూతురైన మధురాంతకినే పెండ్లాడి, 1070లో చోళ సింహాసన మెక్కి కులోత్తుంగుడయ్యెను. మూడు తరముల పెండ్లిండ్లతో వేంగి, తంజావూరు ఒకటయ్యెను. కాని ఇంటిలో శాంతి కలిగెనా? రాజరాజుకు సవతితమ్ముడు విజయాదిత్యుడు జీవితమంతయు పోటీయయ్యెను. కల్యాణి చాళుక్యులు అతని పక్షము వహించిరి. రాజరాజు సింహాసనమును పోగొట్టుకొనుట, మరల సంపాదించుట పలుమారులు జరిగెను. ఒక యింటితో కలిపిన పెండ్లి మరియొక యింటితో పగను పెంచెను. అన్నదమ్ముల పోరు కథను తెలుగున వినగోరిన ఆ రాజు తన యింటి కథనే విన్నట్లున్నది.

ఇప్పుడు మన యిండ్లకు వత్తము. మనకు సింహాసనములు లేవు. చింతామణి, బాగేపల్లి ప్రాంతములలో మనకున్నవి రెండెకరాల చేను, గట్టు తగాదా, బోరుబావిలో వంతు, అక్కచెల్లెండ్ర మధ్య అలుక. వీనిని సరిచేయుటకు మనవారు ఎరిగిన సులభోపాయము మేనరికము. బిడ్డ పుట్టిన పురిటిలోనే, ఇది నా కొడుకు పెండ్లామని మేనత్త యొక మాట వేయును. అది సరదాకు అన్నమాట. పదునాలుగేండ్ల తరువాత అది ఆకాశవాణియై కూర్చుండును. ఈ యేడు దాటినచో మరల ముహూర్తము లేదని, మాట తప్పినచో రెండిండ్లకు రాకపోకలు పోవునని, జాతకమున ఇట్లే యున్నదని చెప్పుదురు. పదవ తరగతిలో నున్న పిల్ల వేసవి సెలవులకు పోయి తిరిగి రాదు. హాజరుపట్టీలో ఆమె పేరు ప్రక్కన గీత పడును. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టము ఆడపిల్లకు పదునెనిమిది, మగపిల్లవానికి ఇరువదియొకటి నిండవలెనని చెప్పుచున్నది. చట్టము మాట అట్లుండనిండు. ఆ గీత గీయునప్పుడు ఉపాధ్యాయురాలి మనసెట్లుండునో ఆమెను అడిగి తెలిసికొనుడు.

మేనరికము వలన పుట్టు బిడ్డలకు కొన్ని వంశపు వ్యాధులు వచ్చు అవకాశము హెచ్చని వైద్యులు చెప్పుచున్నారు. అది వైద్యులు వివరింపవలసిన విషయము. నేను చెప్పునది వేరు. పెద్దలు కుదిర్చిన పెండ్లిండ్లన్నియు చెడ్డవని నేననుటలేదు. ఈ సభలో కూర్చున్న దంపతులలో అనేకులు అట్లే కలిసి, కష్టసుఖములు పంచుకొని, బిడ్డలను పెంచి ఇచ్చటికి తీసికొనివచ్చిరి. పెద్దల అనుభవము పిల్లలకు అండ. కాని మన తగాదాకు మందు మన బిడ్డ కాదు. గట్టు తగాదా కొలతగొలుసుతో తీరవలెను. అలుక మాటలతో తీరవలెను. బిడ్డను మధ్య పెట్టి తీర్చినది తీరినట్లు కాదు, ఆమె సంసారములోనికి సాగినట్లు. రేపు ఆ తగాదా మరల లేచినచో ఇరువైపుల దెబ్బలును ఆమెకే తగులును.

మరి ఏమి చేయవలెను? ఇందుకు ఏకచక్రపురపు కథలోనే జవాబు కలదు. అందులో ఒక చిన్న ఘట్టమును మనము తరచుగా గమనింపము. అతిథి చెప్పిన కథ విని కొడుకుల మనసులు చలించుట కుంతి చూచెను. ఇచ్చట చాల దినములుంటిమి, భిక్షయు మునుపటివలె దొరకుటలేదు, పాంచాలమునకు పోవుదమాయని పెద్దకొడుకుతో అనెను. ధర్మరాజు, నీ మాట మాకు మేలే గాని తమ్ముల యిష్టమేమో నేనెరుగననెను. అప్పుడా తల్లి భీముని, అర్జునుని, కవలలను అడిగెను. వారును సరేయనిరి. పిదపనే మూట కట్టుకొనిరి.

రాజ్యము పోయి, భిక్షాన్నము తినుచు, మారువేషమున దాగియున్న విధవ ఆమె. ఆజ్ఞాపించినచో ఆ కొడుకులు ఎదురాడువారు కారు. ఐనను అడిగెను. ఆ తల్లియే కుమ్మరివాని యింటిలో తలుపుచాటునుండి చూడక ఒక్క మాట అనెను. ఆ ఒక్క మాట ఒక పిల్ల జీవితమును కట్టివేసెను. అడిగినది ఆమెయే, చూడక పలికినది ఆమెయే. మనలో ప్రతి తల్లియు, ప్రతి తండ్రియు ఈ యిద్దరు కుంతులలో ఎవరో ఒకరు కాక తప్పదు.

తల్లులారా, తండ్రులారా, ఈ రాత్రి ఇంటికి పోయిన పిదప మీ బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, నీవేమి చదువదలచితివి, ఎందాక చదువదలచితివి అని అడుగుడు. మన తెలుగులోనే అడుగుడు. జవాబు వెంటనే రాకపోవచ్చును, ఎన్నడును అడుగని ప్రశ్నకు బిడ్డ తడబడును. కాచుకొని యుండి వినుడు. పురిటిలో వేసిన మాట యేదైన మీ యింట నున్నచో, ఆ మేనత్తతోను మేనమామతోను నెమ్మదిగా మాట్లాడుడు. పిల్ల చదువు ముగియనిమ్మనుడు, అటుపై ఆమె యిష్టమును అడుగుదమనుడు. కోపగించువారు కొన్నాళ్ళు కోపగింతురు. ఆ కోపమును పెద్దలమైన మనము భరింపగలము.

వచ్చు సంవత్సరము ఈ సభలో నేడు కూర్చున్న ఆడపిల్లలందరును మరల కనబడవలెనని, హాజరుపట్టీలో ఒక్క పేరు ప్రక్కనను గీత పడకుండవలెనని కోరుచు, అమరనారాయణస్వామి మీకందరకును శుభము కలుగజేయునుగాక యని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.