పాప కొత్త ఇంటికి వచ్చిన తొలి రోజులు



మాది పుంగనూరు దగ్గర సదుం. మా ఊళ్ళో ఎవరింట్లోనైనా బిడ్డ పుట్టిందంటే వీధి వీధంతా వచ్చి చూసిపోతుంది. ఎత్తుకునేవాళ్ళు ఎత్తుకుంటారు, పోలికలు చెప్పేవాళ్ళు పోలికలు చెబుతారు. ఒక బిడ్డ పది చేతుల్లో పెరగడం మనకు అలవాటు. ఆ అలవాటులోనే పెరిగిన నేను, సముద్రాలు దాటి చెల్లెలింటికి వెళ్ళి, రెండేళ్ళ పాపను ఎదురుగా పెట్టుకుని, చేతులు కట్టుకుని కూర్చోవలసివచ్చింది. ఎందుకు కూర్చోవలసివచ్చిందో, అందువల్ల ఏం తెలుసుకున్నానో చెప్పడమే ఈనాటి నా ప్రసంగం.

మా చెల్లెలూ మరిదీ అమెరికాలో న్యూజెర్సీలో ఉంటారు. పెళ్ళయి పదకొండేళ్ళయినా పిల్లలు కలగలేదు. దత్తత తీసుకుంటామన్నప్పుడు మా అమ్మ మొదట ఒప్పుకోలేదు. "ఎవరి బిడ్డో ఏమో! అంతగా కావాలంటే మన బంధువుల్లోనే ఒకర్ని పెంచుకోరాదా?" అంది. ఆమె తప్పేమీ లేదు. పాతకాలంలో దత్తత అంటే వంశం నిలబెట్టడానికి దాయాదుల్లో ఒక మగపిల్లవాణ్ణి చూసి తెచ్చుకోవడమే గదా! హిందువులు ఆడపిల్లను కూడా దత్తత తీసుకోవచ్చునని చట్టం స్పష్టంగా చెప్పింది 1956లో. ఇక 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం ఏ మతంవారైనా, ఒంటరిగా ఉన్న స్త్రీ అయినా సరే, అనాథ బిడ్డను తెచ్చుకుని తమ బిడ్డగా పెంచుకోవచ్చును.

విదేశాల్లో ఉండేవాళ్ళకు మాత్రం కట్టుబాట్లు ఎక్కువ. ఉండాలి కూడాను. బిడ్డలు అంగడి సరుకు కాకూడదని 1984లో లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు నియమాలు పెట్టింది. 1993లో హేగ్ నగరంలో అనేక దేశాలు ఈ విషయమై ఒక ఒప్పందం చేసుకున్నాయి. మన దేశం అందులో 2003లో చేరింది, అమెరికాలో అది 2008 నుంచి అమల్లోకి వచ్చింది. ఇక్కడ ఢిల్లీలో ఉన్న "కారా" అనే కేంద్ర సంస్థ అనుమతి లేనిదే బిడ్డ దేశం దాటడానికి వీల్లేదు. మా చెల్లెలు వాళ్ళింటికి సంఘ సేవకురాలు ఒకామె వచ్చి ఇల్లు, ఆదాయం, ఆరోగ్యం అన్నీ చూసి రాసుకుపోయింది. అమెరికా నియమాల ప్రకారం తల్లిదండ్రులు కాబోయేవాళ్ళు కనీసం 10 గంటలు పాఠాలు వినాలట. బిడ్డను పెంచడానికి పాఠాలేమిటని నేను నవ్వాను. ఆ నవ్వుకు తరవాత సిగ్గుపడ్డాను.

మూడేళ్ళు ఎదురుచూశాక 2023 మొదట్లో పాప ఫోటో వచ్చింది. మన రాష్ట్రంలోనే ఒక శిశుగృహలో పెరుగుతున్న ఆడపిల్ల. ఇదివరకు కోర్టు ఇచ్చే దత్తత ఉత్తర్వును 2022 సెప్టెంబరు నుంచి జిల్లా కలెక్టరే ఇస్తున్నారు. ఆ ఉత్తర్వు, పాపకు పాస్‌పోర్టు, వీసా అన్నీ అయ్యాక జూన్ నెలలో వాళ్ళు ముగ్గురూ, సాయానికని నేనూ బెంగుళూరులో విమానం ఎక్కాము.

దారి పొడవునా పాప ఒక్కసారి కూడా ఏడవలేదు. ఎవరు చెయ్యి చాపితే వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. పక్క సీటు ఆయన ఒళ్ళో కూర్చుంది, విమానంలో పనిచేసే అమ్మాయి చంకెక్కింది. "ఎంత బుద్ధిమంతురాలండీ, కొత్తే లేదు!" అని అందరూ మెచ్చుకుంటుంటే నాకు గర్వంగా ఉంది. చెల్లెలి ముఖం చూస్తే మాత్రం దిగులుగా ఉంది. "ఏమే, పాప ఇంత చక్కగా కలిసిపోతుంటే నీకేమి?" అన్నాను. "అదే భయమక్కా. నేనూ ఒకటే, ఆ పక్క సీటాయనా ఒకటే దానికి" అంది.

ఇల్లు చేరాక మరిది నాతో చాలా సంకోచిస్తూ ఒక మాట చెప్పాడు. "వదినా, మీరేమీ అనుకోవద్దు. కొన్నాళ్ళపాటు పాపకు అన్నం పెట్టడం, నీళ్ళు పోయడం, నిద్రపుచ్చడం, ఏడిస్తే ఎత్తుకోవడం మేమిద్దరమే చేస్తాము. మీరు పక్కనే ఉండండి, ఆడించండి, మాట్లాడండి. ఎత్తుకోవద్దు." నా కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనైంది. పెద్దమ్మను, ఇంత దూరం వచ్చాను, నాకు అంటు పెడుతున్నారా అనుకున్నాను. ఊళ్ళో మా అమ్మకూ కష్టంగానే ఉంది. వీడియో ఫోనులో పాపను రెండు వారాలదాకా చూపించమన్నారు మరి. "మేమంతా పరాయివాళ్ళమైపోయామా?" అని అడిగింది.

కారణం తరవాత మెల్లగా నాకు బోధపడింది. కన్నతల్లి దగ్గర పెరిగే బిడ్డకు తల్లి ఎవరో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆకలేసి ఏడుస్తుంది, ఒకే ముఖం వస్తుంది. భయపడి ఏడుస్తుంది, మళ్ళీ అదే ముఖం వస్తుంది. వెయ్యిసార్లు అట్లా జరిగాక "ఈమె నాది" అని బిడ్డ మనసులో నాటుకుంటుంది. శిశుగృహలో ఆయమ్మలు ప్రేమలేనివాళ్ళు కారు. కాని పొద్దున ఒకరు, రాత్రి ఒకరు. వాళ్ళ చేతికింద ఎందరో పిల్లలు. అందుకని ఎవరు వస్తే వాళ్ళ వంక చేతులు చాపడం బిడ్డ నేర్చుకుంటుంది. పసివాళ్ళకు అన్నం, బట్ట చాలవనీ, తల్లి గాని తల్లిలాంటి మనిషి గాని విడవకుండా ఒకరు ఉండాలనీ బౌల్బీ అనే ఇంగ్లండు వైద్యుడు 1951లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థకు రాసి ఇచ్చాడట. మా పాపకు కొత్త ఇంట్లో వెయ్యిసార్లు జరగాల్సింది మొదటినుంచీ జరగాలి. మధ్యలో నేను వెళ్ళి ఎత్తుకుంటే ఆ లెక్క తప్పుతుంది.

తొలి రెండు రాత్రులూ పాప నిద్రపోలేదు. మనకూ అక్కడికీ ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటల తేడా, అందువల్ల కొంత. కాని అసలు కారణం వేరే. అక్కడి ఇల్లు మరీ నిశ్శబ్దం. పది మంది పిల్లల అలికిడి మధ్య పడుకున్న బిడ్డకు ఆ నిశ్శబ్దమే భయం. అందంగా అలంకరించిన గదిలో కటకటాల మంచం కొని ఉంచారు. పాప అందులో కళ్ళు తెరుచుకుని, కిక్కురుమనకుండా పడుకునేది. ఏడిస్తే ఎవరైనా వస్తారన్న ఆశ లేని బిడ్డ ఏడవదమ్మా! మూడో రాత్రి నేను చెప్పాను: "మన ఊళ్ళో మాదిరి కింద పరుపు వేసి పక్కన పడుకోండి. ఫ్యాను చప్పుడు ఉండనివ్వండి." పాప తల్లి కొంగు పట్టుకుని నిద్రపోయింది. నా సలహా ఒకటి పనికివచ్చిందని సంతోషించాను.

తిండి సంగతి చెబుతాను. రంగురంగుల సీసాలో పాలు పోసి ఇస్తే ముట్టలేదు. స్టీలు గ్లాసులో పోస్తే గటగటా తాగింది. అటుకుల్లాంటి వాళ్ళ పొద్దుటి ఫలహారం ఊసేసింది. మెత్తటి పప్పన్నం, నేను సదుం నుంచి తీసుకువెళ్ళిన రాగిపిండితో కాచిన జావ ఇష్టంగా తిన్నది. జావ కాచేది నేను, పట్టేది చెల్లెలు. తిన్నాక కూడా ఒక రొట్టెముక్క గుప్పిట్లో దాచుకుని, దానితోనే నిద్రపోయేది. నేను విడిపించబోతే మరిది ఆపాడు. రేపు కూడా అన్నం ఉంటుందన్న నమ్మకం కుదిరేదాకా ఉండనివ్వమన్నాడు. చిన్న పళ్ళెంలో ముక్కలు ఎప్పుడూ చేతికందేటట్టు పెట్టేవాళ్ళు. మూడో వారానికి గుప్పిట దానంతటదే ఖాళీ అయింది.

ఇక నా పొరపాటు చెప్పాలి. శిశుగృహ నుంచి వచ్చేటప్పుడు ఆయమ్మ ఒకామె తన పాత చీర ముక్క పాపకు కప్పి పంపింది. మాసి, వాసన వేస్తుండేది. నాలుగో రోజు చెల్లెలు స్నానానికి వెళ్ళినప్పుడు, ఇల్లు శుభ్రంగా ఉంచుదామని ఆ పేలికను సబ్బు పొడి వేసి వాషింగ్ మెషిన్లో ఉతికేశాను. ఆ రాత్రి పాప దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది, తీసింది, మళ్ళీ పెట్టుకుంది, విసిరికొట్టింది. అప్పుడు ఏడ్చింది. వచ్చాక అదే మొదటి ఏడుపు. "ఆయా, ఆయా" అంటూ గంటన్నర సేపు ఏడ్చింది. ఆ బిడ్డకు తన పాత ఇంటినుంచి మిగిలింది ఆ వాసన ఒక్కటే. దాన్ని నేను సబ్బుతో కడిగేశాను.

చెల్లెలు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. పాపను ఒళ్ళో వేసుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. పదకొండేళ్ళు ఎదురుచూసి తెచ్చుకున్న బిడ్డ తన ఒళ్ళో కూర్చుని ఇంకొకరిని పిలుస్తుంటే ఆ తల్లికి ఎట్లా ఉంటుందో చూడండి. అయినా "ఊరుకో" అనలేదు, "నేనున్నాను గదా" అనలేదు. "అవును తల్లీ, ఆయమ్మ మంచిది. నిన్ను బాగా చూసుకుంది" అని తెలుగులో మెల్లగా చెబుతూనే ఉంది. మరునాడు ఆయమ్మతో తీసుకున్న ఫోటో పాపకు అందే ఎత్తులో గోడకు అంటించింది. నేనైతే ఆ ఫోటో దాచేద్దును. మరపు వస్తే మంచిదనుకునేదాన్ని. కాని పోగొట్టుకున్నదానికోసం ఏడవనిచ్చిన తల్లి దగ్గరే బిడ్డ మనసు విప్పుతుందని ఆ రాత్రి కళ్ళారా చూశాను. పాపకు అంతవరకు ఉన్న పేరే ఉంచారు. ఊరు, భాష తెలిసినవాళ్ళు, తిండి ఇన్ని మారినప్పుడు పేరు కూడా ఎందుకు మార్చాలన్నారు.

ఆ తరవాత నేను వేరే పనులు చూసుకున్నాను. వంట, గిన్నెలు, బట్టలు నావి. పాప నావి కావు. తలకు నూనె ఎట్లా మర్దనా చెయ్యాలో, కళ్ళల్లో పడకుండా నీళ్ళెట్లా పొయ్యాలో చెల్లెలికి నోటితో చెప్పేదాన్ని, చేసేది ఆమె. పాప నా వంక చేతులు చాపితే, నవ్వి, "అమ్మ దగ్గరికి పో తల్లీ" అని వాళ్ళమ్మను చూపించేదాన్ని. చాపిన చేతులు వద్దనడమంత కష్టం ఇంకొకటి లేదు. పది రోజులకు డాక్టరు చూశాడు. రక్త పరీక్షలు, కడుపులో పురుగుల పరీక్ష, టీకాల లెక్క అన్నీ సరిచూశాడు. దూరదేశం నుంచి వచ్చిన బిడ్డకు జబ్బు కనిపించకపోయినా ఇవి తప్పనిసరి అన్నాడు. శిశుగృహ బిడ్డ ఎట్లా ఉందో మొదటి ఏడాది మూడు నెలలకొకసారి, రెండో ఏడాది ఆరు నెలలకొకసారి మన దేశానికి నివేదిక పంపాలని కూడా నియమం ఉంది. ఎవరో కనిపెట్టి చూస్తున్నారంటే మా అమ్మకు ధైర్యం కలిగింది.

పందొమ్మిదో రోజు సాయంత్రం పక్కింటి తెలుగావిడ వచ్చింది. "రా బంగారూ" అని చేతులు చాపింది. పాప ఆమె వంక చూసింది, నా వంక చూసింది, పరుగెత్తుకుంటూ పోయి తల్లి కాళ్ళ వెనక దాక్కుని "అమ్మా" అంది. ఆవిడ కాస్త చిన్నబుచ్చుకుని, "అయ్యో, కొత్త కాబోలు" అంది. చెల్లెలూ నేనూ ఒకరినొకరం చూసుకున్నాము. ఇద్దరికీ నోట మాట రాలేదు. బిడ్డ కొత్త చేసినందుకు అంత సంతోషించిన వాళ్ళం మేమేనేమో!

సోదరీమణులారా, ఇది అమెరికా సంగతి మాత్రమే కాదు. మదనపల్లెలో దత్తత తెచ్చుకున్నా, మీ పక్క వాటాలో తెచ్చుకున్నా బిడ్డకు అది పరదేశమే. అటువంటి ఇంటికి చూడడానికి వెళితే, బిడ్డను ఎత్తుకోకండి, తల్లికి ఒక పూట వంట చేసి ఇవ్వండి. "అసలు తల్లిదండ్రులెవరు?" అని బిడ్డ ముందర అడగకండి. మీరే తెచ్చుకోదలిస్తే మధ్యవర్తుల మాట నమ్మి ఆసుపత్రుల చుట్టూ తిరగకండి. చట్టం కాదన్న దారిలో బిడ్డను తెచ్చుకుంటే మూడేళ్ళదాకా జైలు, లక్ష రూపాయల జరిమానా ఉన్నాయి. దిక్కులేని బిడ్డ కనిపిస్తే 1098కి ఫోను చెయ్యండి.

నేను తిరిగివచ్చే రోజు చెల్లెలే పాపను తెచ్చి నా ఒళ్ళో కూర్చోబెట్టింది. "ఇప్పుడు ఎత్తుకో అక్కా" అంది. పాప నా ఒళ్ళో రెండు నిమిషాలు బుద్ధిగా కూర్చుని, దిగి, వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ రెండు నిమిషాలే నేను ఊరికి తెచ్చుకున్నాను. మా అమ్మ ఇప్పుడు వారం వారం ఫోను కోసం కాచుకుని కూర్చుంటుంది. పాప "అవ్వా" అని పిలిస్తే, "నా మనవరాలు" అని వీధిలో అందరికీ చెబుతుంది.