ఆకాశం నుంచి వచ్చే ఆపద – తవక్కుల్ అర్థం

 



2018 అక్టోబరు 11, గురువారం తెల్లవారుజామున తిత్లీ తుపాను మన పలాస సమీపంలో తీరం దాటింది. వజ్రపుకొత్తూరు మొదలు కవిటి వరకు ఉద్దానం తోటలు నేలకొరిగాయి. తాతలు నాటిన కొబ్బరి చెట్లు మొదళ్లకు విరిగాయి, జీడిమామిడి చెట్లు వేళ్లతో సహా పెకలిపోయాయి. వాతావరణ శాఖ ముందే హెచ్చరించినప్పటికీ, “రాసిపెట్టి ఉన్నది ఎక్కడున్నా వస్తుంది, ఇల్లెందుకు వదలాలి?” అన్నవారూ మనలో లేకపోలేదు.

ఆ మాట ఈ మధ్య మరో రూపంలో నా ముందుకు వచ్చింది. ఒక యువకుడు ఫోనులో ఏదో వీడియో చూపి, “ఇమామ్ సాహెబ్, ఆకాశం నుంచి రాయి పడి ఊళ్లు నాశనమవుతాయంటున్నారు. శాస్త్రజ్ఞులు దాన్ని దారి మళ్లిస్తారట. ఇది అల్లాహ్ నిర్ణయానికి అడ్డుపడటం కాదా?” అని అడిగాడు. ప్రశ్న మంచిదే. సమాధానం అతనొక్కడికే చెప్పి ఊరుకోదగినది కాదు.

ముందు వార్త సంగతి చూద్దాం. 2024 డిసెంబరులో 2024 వైఆర్4 అనే గ్రహశకలాన్ని కనుగొన్నారు. దాని వెడల్పు సుమారు 60 మీటర్లు. 2032 డిసెంబరు 22న అది భూమిని తాకే అవకాశం ఉందని, పడవచ్చునన్న ప్రాంతాల వరుసలో దక్షిణాసియా కూడా ఉందని లెక్కలు తేల్చాయి. 2025 ఫిబ్రవరిలో ఆ అవకాశం 3 శాతం దాటింది. మరికొన్ని రోజులు పరిశీలించగానే, భూమికి సంబంధించినంతవరకు ఆ ముప్పు దాదాపు సున్నాకు చేరింది. మొదటి వార్త ప్రతి ఫోనులోనూ తిరిగింది. రెండవది ఎందరికి చేరింది? వార్త తెచ్చినవాని మాటను నిర్ధారించుకోనిదే నమ్మవద్దని దివ్య ఖుర్ఆన్ విశ్వాసులను ఆదేశిస్తున్నది. దైవప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ పసివాని మరణం వల్లనే పట్టిందని జనం అనుకున్నారు. పుత్రశోకంలో ఉండి కూడా ఆయన ఆ మాటను అంగీకరించలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలని, ఎవరి చావుపుట్టుకల కోసమూ వాటికి గ్రహణం పట్టదని స్పష్టం చేశారు.

అయితే ముప్పు మొత్తం కట్టుకథ కాదు. 2013 ఫిబ్రవరి 15న, అదీ శుక్రవారమే, రష్యాలోని చెల్యాబిన్‌స్క్ నగరంపై సుమారు 20 మీటర్ల రాయి గాలిలోనే పేలింది. సూర్యుని దిక్కు నుంచి రావడంతో ఎవరూ ముందుగా చూడలేకపోయారు. ఏమిటా వెలుగని జనం కిటికీల వద్దకు వెళ్లారు. కాసేపటికి పేలుడు గాలి తాకి అద్దాలు పగిలాయి. గాయపడిన సుమారు 1,500 మందిలో ఎక్కువమందికి తగిలినవి గాజు పెంకులే. కిటికీకి దూరంగా ఉండాలన్న ఒక్క మాట తెలిసి ఉంటే ఎంతమంది తప్పించుకునేవారో!

ఇక విధివ్రాత విషయం. హజ్రత్ ఉమర్ (రజి) సిరియా వైపు ప్రయాణిస్తూ సర్గ్ అనే చోట ఉండగా, అక్కడ మహమ్మారి ప్రబలిందని తెలిసింది. సహచరులతో సంప్రదించి ఆయన వెనుదిరగ నిశ్చయించారు. అల్లాహ్ నిర్ణయం నుంచి పారిపోతున్నారా అని అబూ ఉబైదా (రజి) ప్రశ్నించారు. ఔను, అల్లాహ్ నిర్ణయించిన ఒక దాని నుంచి ఆయనే నిర్ణయించిన మరొక దాని వైపుకే వెళుతున్నామని ఉమర్ (రజి) బదులిచ్చారు. పచ్చిక ఉన్న లోయలో ఒంటెలను మేపినా, ఎండిన లోయలో మేపినా రెండూ దైవనిర్ణయమే కదా అని వివరించారు. ఒంటెను కట్టి, ఆపై అల్లాహ్‌ను నమ్ముకోమన్న ప్రవక్త (స) బోధను మనం ఎన్నోసార్లు విన్నాం. ఒంటెను వదిలేసి అల్లాహ్‌పై భారం వేశానంటే అది తవక్కుల్ కాదు, సోమరితనం.

ఆకాశంలో ఆ కట్టు ఎలా వేస్తారు? 2022 సెప్టెంబరు 26న అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తన డార్ట్ నౌకను సుమారు 160 మీటర్ల డైమార్ఫోస్ అనే చిన్న శకలానికి, సెకనుకు 6 కిలోమీటర్ల వేగంతో ఢీకొట్టించింది. మరో పెద్ద శకలం చుట్టూ 11 గంటల 55 నిమిషాలకు ఒకసారి తిరిగే ఆ రాయి, దాదాపు 32 నిమిషాలు ముందుగానే చుట్టు పూర్తిచేయసాగింది. అంత చిన్న మార్పు చాలునా? మన మత్స్యకార సోదరులను అడగండి. నడిసముద్రంలో చుక్కాని కొద్దిగా మళ్లితే భావనపాడు చేరవలసిన పడవ బారువ వద్ద తేలుతుంది. ఒడ్డు దగ్గరపడ్డాక ఎంత తిప్పినా ప్రయోజనం ఉండదు. కనుక అసలు పని ముందుగా చూడటమే.

అలా చూసే పని మనకు కొత్తది కాదు. 1901లో హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ స్థాపించిన వేధశాల, తర్వాత నిజామియా పేరుతో, ప్రపంచ వేధశాలలతో కలిసి నక్షత్రాల పటం తయారీలో పాలుపంచుకుంది. స్థిరమైన చుక్కల నడుమ కదిలే చుక్కను పట్టుకుంటేనే గ్రహశకలం దొరుకుతుంది. మీ పిల్లల్లో ఎవరికైనా గణితంపై మక్కువ ఉంటే, ఇది కూడా ప్రాణరక్షణ మార్గమేనని వారికి చెప్పండి. ఒక్క ప్రాణాన్ని కాపాడటం సమస్త మానవాళిని కాపాడటంతో సమానమని ఖుర్ఆన్ ప్రకటించింది.

2029 ఏప్రిల్ 13 శుక్రవారం. ఆ రాత్రి గడిచి, మన లెక్కలో శనివారం తెల్లవారుజామున, అపోఫిస్ అనే శకలం భూమికి సుమారు 32,000 కిలోమీటర్ల ఎత్తున సాగిపోతుంది. కనీసం వందేళ్ల వరకు అది భూమిని తాకదని 2021లోనే తేలింది. ఆ వారం మళ్లీ వీడియోలు వస్తాయి. వాటిని పంచేముందు ఈ తేదీని గుర్తుచేసుకోండి.

ప్రళయం ముంచుకొచ్చినా చేతిలో మొక్క ఉంటే నాటమన్నారు మన ప్రవక్త (స). తిత్లీ తర్వాత ఉద్దానం రైతులు అదే చేశారు. కాపుకు ఏళ్లు పడుతుందని తెలిసి కూడా మళ్లీ కొబ్బరి నాటారు. ఇది తుపానుల కాలం. నమాజు తర్వాత యువకులు కొద్దిసేపు ఆగండి. ఒంటరి వృద్ధుల ఇళ్లు ఎవరు చూసుకోవాలో, హెచ్చరిక వచ్చిన రాత్రి మస్జిదు తాళం ఎవరి వద్ద ఉండాలో రాసుకుందాం. ఆ తలుపు ఏ మతంవారికైనా తెరవాలి. ఇక అరబీ ఖుత్బాకు వేళయింది, నిశ్శబ్దంగా ఆలకించండి.