ప్రకృతి చికిత్స - ఒక జీవనవృత్తి

1908లో మూసీనది పొంగి హైదరాబాదును ముంచివేసినది. అటుపిమ్మట ఈసీనదిపై కట్టిన హిమాయత్ సాగర్ 1927లో పూర్తియైనది. వరదలో చిక్కినవారిని గట్టెక్కించుట ఒక సేవ. వరద ఊరు చేరకమునుపే ఎగువన నీటిని నిలుపుట మరియొక సేవ. వైద్యమందును ఈ రెండు తెరగులు కలవు. రెండవదానికి చెందినదే ప్రకృతి చికిత్స.

ఇది మనకు క్రొత్తది కాదు. జర్మనుదేశీయుడు లూయీ కూనే రచించిన చికిత్సాగ్రంథమును వేంకటచలపతి శర్మగారు 1894లోనే తెనిగించిరి. డాక్టరు బి. వెంకటరావుగారి కృషివలన 1970లో హైదరాబాదున గాంధీ ప్రకృతి చికిత్స కళాశాల వెలసినది. నేడిది అయిదున్నర సంవత్సరముల డిగ్రీ చదువు. అందు చివరి సంవత్సరము ఆసుపత్రిలో శిక్షణ.

“ఈ చదువుతో మా పిల్లవాడు ఏమి బాగుపడును?” అని తల్లిదండ్రులు అడుగుట మనము వినుచునే యున్నాము. వారి శంక సహజమే. తొట్టిస్నానము, మట్టిపట్టి, ఉపవాసము, మితాహారము - వీనిలో వెలగల మందేదియు లేదు. ఫలమును మెల్లగా వచ్చును. రోగి తన అలవాట్లను తానే దిద్దుకొనవలెను, వైద్యుడు ఓర్పుతో నేర్పవలెను. చక్కగా నేర్చినవానికి మాటిమాటికి వైద్యుని గుమ్మము త్రొక్కు పనియుండదు. వర్తకునకు ఇది నష్టము. ఈ వైద్యునకు ఇదియే సాఫల్యము.

అయితే ఎంతటి జలాశయమునకైనను ఒక హద్దు కలదు. నీరు నిండినపుడు తలుపులు ఎత్తవలసినదే. అట్లే క్షయరోగిని గాని, ఇన్సులినుపై ఆధారపడిన మధుమేహరోగిని గాని మందులు మానుమనరాదు. తగిన వైద్యాలయమునకు పంపవలెను. అట్లు పంపుట ఓటమి కాదు. రోగి మేలే తన మేలని యెంచు యువతీయువకులకు ఈ వృత్తి కూడును పెట్టును, తృప్తినీ ఇచ్చునని మా విశ్వాసము.